మందు పేరుకు ముందు పురుగుల లెక్క: టమోటా ప్రాంత ఉద్యాన సిబ్బందికి బహిరంగ లేఖ

మదనపల్లె, పుంగనూరు, తంబళ్లపల్లె, పీలేరు ప్రాంతాల రైతు సేవా కేంద్రాల్లో పనిచేస్తున్న గ్రామ ఉద్యాన సహాయకులకు, వారిపై మండల, జిల్లా ఉద్యాన అధికారులకు,

నమస్కారం.

ఈ లేఖ మీరు రాసిచ్చే మందు చీటీ గురించి. చీటీలో మందు పేరు ఉంటుంది, ట్యాంకుకు ఎంత పోయాలో ఉంటుంది. ఎన్ని మొక్కలు చూశారు, ఏ పురుగు ఎన్ని కనిపించాయి, దాన్ని తినే పురుగులు ఎన్ని ఉన్నాయి అన్నది ఉండదు. మేము అడిగేది ఒక్కటే. మందు పేరుకు పైన ఆ లెక్క రాయండి. లెక్క లేకపోతే మందు రాయకండి. ఆ లెక్క ఎలా తీయాలో, తీశాక చేసే పనులు మన దగ్గర ఎక్కడ ఎందుకు బెడిసికొడుతున్నాయో కింద రాస్తున్నాం.

ముందు గుర్తుపట్టడం దగ్గరే తప్పు జరుగుతోంది. టమోటా ఆకులో సొరంగాలు చేసేవి రెండు. ఒకటి చాలాకాలంగా ఉన్న ఆకుతొలుచు ఈగ, లిరియోమైజా. రెండోది 2014లో మన దేశంలో మొదటిసారి బయటపడిన దక్షిణ అమెరికా పురుగు, టూటా అబ్సల్యూటా. మన వైపు రైతులు ఊజీ అంటున్నది దీన్నే. ఆకు మీద తెల్ల గీత కనిపిస్తే చాలు, రెండింటికీ ఒకే మందు రాయడం మామూలైపోయింది. ఆకును వెలుతురుకు అడ్డం పెట్టి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూస్తే తేడా నిమిషంలో తెలుస్తుంది. ఈగ చేసే సొరంగం దారంలా సన్నగా మెలికలు తిరుగుతూ పోతుంది, పోనుపోను కాస్త వెడల్పవుతుంది, లోపల నల్లటి రెట్ట గీతలా సాగి ఉంటుంది. చివర తల, కాళ్లు విడిగా కనిపించని పసుపు పురుగు ఉంటుంది. ఊజీ సొరంగం గీతగా మొదలైనా త్వరలోనే బొబ్బలా విచ్చుకుంటుంది. రెండు పొరల నడుమ పచ్చదనమంతా పోయి పలుచటి పొర మిగులుతుంది, రెట్ట ఒక మూల పోగుపడుతుంది. పొర చీల్చితే తల వెనక సన్నటి నల్ల పట్టీ, చక్కగా కాళ్లు ఉన్న పురుగు కదులుతుంది. చిన్నప్పుడు మీగడ రంగు, తర్వాత లేత ఆకుపచ్చ, ఎదిగాక వీపు మీద గులాబి ఛాయ. కాయకు పట్టిందంటే ముచ్చిక దగ్గర గుండుసూది గుచ్చినంత రంధ్రం కనబడుతుంది.

తేడా తెలియడం ఎందుకంటే, ఈగను అదుపులో ఉంచేది చాలావరకు కంటికి ఆనని పరాన్నజీవి కందిరీగలు. ముదురాకుల మీద పది సొరంగాలు వెతకండి. గీత మధ్యలోనే ఆగిపోయి, లోపలి పురుగు గోధుమ రంగులో కుంచించుకుపోయి, పక్కన నల్లటి చిన్న కోశం ఉంటే కందిరీగ తన పని చేసిందని అర్థం. పదింట్లో నాలుగైదు ఇలా ఉంటే ఆ తోటకు ఆకుతొలుచు ఈగ కోసం మందు అక్కర్లేదు. ఆ దశలో సింథటిక్ పైరెత్రాయిడ్ రకం రసాయన మందు కొడితే కందిరీగ చస్తుంది, ఆకు పొరల మధ్య ఉన్న పురుగు బతుకుతుంది, కొద్దిరోజుల్లోనే గీతలు మరింత పెరుగుతాయి. రైతు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం పత్తిలో తెల్లదోమ విరుచుకుపడడానికి పైరెత్రాయిడ్లు విచ్చలవిడిగా వాడడం ఒక కారణమన్నది మన వ్యవసాయ శాస్త్రవేత్తలకు కొత్త సంగతి కాదు. టమోటాలోనూ అదే తంతు జరుగుతోంది.

ఊజీ విషయం వేరు. దానికి ఒక్క బలహీనత ఉంది. ఆకుతొలుచు ఈగ పిల్ల మొదలుపెట్టిన ఆకులోనే ఎదుగుతుంది. ఊజీ పిల్ల మాత్రం ఒక సొరంగం వదిలి ఆకు మీద నడిచి మరో చోట దూరగలదు. పైపైన పడే బీటీ (పురుగును చంపే బ్యాక్టీరియా) మందు దాని నోట్లోకి పోయేది గుడ్డు పగిలి ఆకులోకి దూరేటప్పుడు, లేదా ఇలా మకాం మార్చేటప్పుడు. కాయలోకి దూరాక ఎంత ఖరీదైన సీసా తెచ్చినా డబ్బు దండగే.

ఇక లెక్క. ఎకరాకు 25 మొక్కలు చాలు. గట్టు పక్క రెండు సాళ్లు వదిలి అడ్డదిడ్డంగా నడుస్తూ చూడండి, గట్టున ఉన్న మొక్కలు ఎప్పుడూ ఎక్కువ పురుగు చూపించి మోసం చేస్తాయి. ఉదయం 8 లోపు చూడండి. తెల్లదోమ ఆ చల్లదనంలో లేచి ఎగరదు, ఎండెక్కితే ఆకు తిప్పేలోపే సగం ఎగిరిపోతుంది. ప్రతి మొక్కకు పైన, మధ్య, కింద ఒక్కో ఆకు మెల్లగా తిప్పి అడుగున తెల్లదోమను, ఆకుకు అంటుకున్న దాని పిల్లలను చూడాలి. ఆ పిల్లల్లో కొన్ని నల్లగా మారి ఉంటే అవి ఎన్కార్సియా కందిరీగ పట్టినవి, వాటిని విడిగా రాయండి. పూత మొదలయ్యాక లేత ఆకుల మీద, పూల దగ్గర కాయతొలుచు పురుగు గుడ్లు వెతకాలి. ఒక్కొక్కటిగా, గసగసాలంత, మీగడ రంగులో, నిలువు గీతలతో ఉంటాయి. గుడ్డు చుట్టూ ముదురు వలయం వచ్చిందంటే ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది. గుడ్డంతా నల్లగా ఉంటే లోపల ట్రైకోగ్రామా అనే కందిరీగ పిల్ల ఉంది, అది మనకు మేలు చేసే గుడ్డు.

మిత్రపురుగుల జాబితా పెద్దది. అక్షింతల పురుగు, దాని మొసలిలాంటి పిల్ల, అల్లిక రెక్కల పురుగు, సాలీళ్లు, తూనీగలు రైతులకూ తెలుసు. తెలియని ఒకదాని గురించి మాత్రం రాస్తాం. నెసిడియోకోరిస్ అనే సన్నటి లేత ఆకుపచ్చ నల్లి మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది, మెడ దగ్గర నల్లటి చార, కొమ్మ తాకితే చురుగ్గా పరిగెడుతుంది. ఊజీ గుడ్లను, తెల్లదోమ పిల్లలను పీల్చి చంపుతుంది. మధ్యధరా దేశాల్లో దీన్ని పెంచి టమోటా తోటల్లో వదులుతున్నారు. మన దగ్గర మందులు తగ్గించిన తోటల్లోకి దానంతట అదే వస్తుంది. అయితే ఇది పూర్తి సాధువు కాదు. తినడానికి పురుగులు తగ్గితే లేత కొమ్మలను, పూల కాడలను పీలుస్తుంది. కాడ చుట్టూ గోధుమ రంగు ఉంగరంలా మచ్చ పడి అక్కడ పుటుక్కున విరుగుతుంది. మచ్చలు చూసి "కొత్త పురుగు" అని మందు రాసేముందు ఆకు అడుగున తెల్లదోమ, ఊజీ గుడ్లు ఎన్నున్నాయో చూడండి. అవి ఉన్నంతకాలం ఈ నల్లిని తోటలో ఉండనివ్వాలి. అవి లేక, ఉంగరాలు కొమ్మకొమ్మకూ కనిపిస్తే అప్పుడు వేప కషాయంతో తగ్గించవచ్చు.

రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ వ్యవసాయ పర్యావరణ విశ్లేషణ పద్ధతిలో స్థూలంగా చెప్పే కొలత పురుగులు రెండుంటే మిత్రపురుగు ఒకటి. ఆ నిష్పత్తి నిలబడినంతకాలం ఆగి చూడాలి. మూడు నాలుగు రోజుల తర్వాత అదే 25 మొక్కల లెక్క మళ్లీ తీసి, రెండు అంకెలు పక్కపక్కన పెట్టి నిర్ణయించాలి. ఒక్కనాటి అంకె కంటే రెండు అంకెల మధ్య పోకడ ఎక్కువ చెబుతుంది. ఒక మినహాయింపు ఉంది. నాటిన తొలి 30 రోజుల్లో తెల్లదోమ విషయంలో ఈ నిష్పత్తిని నమ్ముకోకూడదు. ఆ వయసులో ఆకుముడత వైరస్ ఎక్కిన మొక్క కాపుకు పనికిరాదు, తెచ్చేది కొద్దిపాటి దోమలే అయినా సరే.

అందుకే అసలు పోరు పొలంలో కంటే నర్సరీలో. నారు మీద ఉండాల్సింది 40 నుంచి 60 మెష్ (అంగుళానికి అన్ని కళ్లు) నైలాన్ వల. చాలా నర్సరీల్లో కనిపించేది ఎండ తగ్గించే ఆకుపచ్చ షేడ్‌నెట్. అది నీడ ఇస్తుంది, తెల్లదోమకు మాత్రం దాని కళ్లు దర్వాజాలు. వల కట్టినచోట కూడా అడుగు అంచును మట్టిలో పూడ్చకుండా రాయి పెట్టి వదిలేస్తారు, రెండు తలుపుల గది లేకుండా ఒకే తలుపు పెట్టి కూలీలు తిరిగే వేళ దాన్ని బార్లా తీసి ఉంచుతారు. అమ్ముడుపోని ముదురు ట్రేలు ఒక మూలన వారాల తరబడి పడి ఉంటాయి, కొత్త నారుకు దోమ అక్కడినుంచే వస్తుంది. లైసెన్సు తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టరు చూసే ముందు ఈ నాలుగూ చూడండి: వల కన్ను, అడుగు అంచు, తలుపు, మిగిలిన ట్రేలు. లోపల పసుపు జిగురు అట్ట ఒకటి వేలాడదీసి వారం తర్వాత వస్తే ఆ నర్సరీ సంగతి అదే చెబుతుంది.

నర్సరీలతోనే కుదరాల్సిన ఇంకో పని బంతిపూల నారు. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన, పురుగును తనవైపు లాగే ఎర పంట పద్ధతి మీకు పాఠంలా వచ్చు: 16 సాళ్ల టమోటాకు ఒక సాలు పొడవు రకం బంతి. పొలంలో అది పనిచేయలేదన్న రైతులు ఎక్కువ, తప్పు వాళ్లది కాదు. టమోటా నారు 25 రోజులది నాటేనాటికి బంతి నారు 40 నుంచి 45 రోజులది ఉండాలి, అప్పుడే రెండింటి పూత కలుస్తుంది, కాయతొలుచు రెక్కల పురుగు గుడ్లకు బంతి మొగ్గను ఎంచుకుంటుంది. నర్సరీలో ఒకేరోజు పోసిన రెండు ట్రేలు తెచ్చి నాటితే టమోటా పూసేవేళకు బంతి ఇంకా ఆకుల్లోనే ఉంటుంది. బంతి గింజ 15 నుంచి 20 రోజుల ముందు పడాలి. రైతు నారు బుక్ చేసే రోజే బంతి ట్రే కూడా బుక్ చేయించగలిగేది మీరే. పొడవుగా పెరిగే పసుపు బంతి రకమే చెప్పండి, పొట్టి రకం టమోటా కట్టెల మధ్య మునిగిపోతుంది. బంతి సాలు వేసి వదిలేసినా లాభం లేదు. మొగ్గల్లో పురుగు ఏరడం, ఎన్‌పీవీ (పురుగును చంపే వైరస్ మందు) కొట్టడం అక్కడే మొదలు పెట్టాలి, లేకపోతే ఆ సాలే పురుగుకు పుట్టిల్లవుతుంది. తామర పురుగులు కూడా బంతి పూలలో చేరతాయి, పూలు ముదరకుండా కోసి అమ్ముకోవాలి.

తెల్లదోమకు అడ్డుగా గట్టు చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న రెండు నుంచి నాలుగు సాళ్లు, నాటడానికి నెల ముందే విత్తాలి. నాటాక విత్తితే అది ఎదిగేలోపు దోమ వచ్చి పోతుంది. వెండి రంగు పైకి ఉండేలా నేల మీద పరిచే మల్చింగ్ షీట్ మెరుపుకు తెల్లదోమ, తామర పురుగు తొలి నెలలో తగ్గుతాయి, మొక్కలు కమ్ముకున్నాక ఆ లాభం ఉండదు.

తామర పురుగు గురించి ఒక మాట. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెచ్చే వైరసే టమోటాలో చిగుర్లు మాడ్చి, కాయల మీద వలయాలు తెస్తోంది. తామర పురుగు ఆ వైరస్‌ను పిల్ల దశలో ఎక్కించుకుంటేనే పెద్దయ్యాక అంటించగలదు. అంటే పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయన్నది ముఖ్యం. రోగం వచ్చిన మొక్కను తోటలో ఉంచితే దాని మీద పుట్టిన ప్రతి పిల్లా రేపటి మోతగాడే. కనిపించిన రోజే మొదలంటా పీకి సంచిలో వేసి మూతి కట్టి బయటికి తేవాలి, సాలు వెంబడి ఈడ్చుకుంటూ పోకూడదు. గట్టు మీది కలుపును పూతకు రాకముందే తీయించాలి, అందులో వయ్యారిభామను ముందు. కామంచి, ఉమ్మెత్త మీద ఊజీ కూడా బతుకుతుంది.

ఆడ పురుగు వాసన ఎరతో మగవాటిని లాగి పట్టే లింగాకర్షక బుట్టల సంగతి. కాయతొలుచు పురుగుకు గరాటు బుట్ట, మొక్కల తలకట్టు కంటే అడుగు ఎత్తున, ఎకరాకు నాలుగైదు. మొక్క పెరిగే కొద్దీ బుట్టను పైకి జరపాలి, నాటినరోజు కట్టిన ఎత్తులోనే వదిలేసిన బుట్టలే ఎక్కువ కనిపిస్తాయి. ఊజీకి నీళ్ల పళ్లెం లేదా డెల్టా బుట్ట, నేలకు దగ్గరగా. పళ్లెంలో నీళ్ల మీద చుక్క సబ్బు గానీ నూనె గానీ లేకపోతే పడిన పురుగు లేచిపోతుంది. నిఘాకైతే ఎకరాకు రెండు మూడు చాలు, మగ పురుగులను మూకుమ్మడిగా పట్టాలంటే 16 నుంచి 20 కావాలి. ఆ పని నాటిన రోజు నుంచే మొదలవ్వాలి. కాయ సైజు వచ్చాక బుట్టలు పంచడం వల్ల ఫొటోలు తప్ప ఏమీ రావు. ఒక పురుగు ఎర పట్టుకున్న చేత్తో ఇంకో పురుగు ఎర ముట్టుకుంటే రెండూ చెడతాయి. ఎరను ఎండలో బండి డిక్కీలో పెట్టి ఊళ్లన్నీ తిప్పి పంచితే దాని వాసన దారిలోనే పోతుంది. కేంద్రంలో ఫ్రిజ్ లేకపోతే తెప్పించిన రోజే పంచండి. ఇంకోటి, బుట్టలో పడేది మగ పురుగే. పక్క తోటలో జత కట్టిన ఆడది వచ్చి గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఒక ఎకరా రైతు ఒంటరిగా 20 బుట్టలు కట్టి ఫలితం లేదంటే ఆశ్చర్యం లేదు. చుట్టుపక్కల తోటలన్నీ కలిపి ఒకేసారి కట్టించాలి, ఆ పని రైతు చేయలేడు, మీరు చేయగలరు.

పసుపు జిగురు అట్టలకు తెల్లదోమే కాదు, అక్షింతల పురుగులు, కందిరీగలు కూడా అంటుకుంటాయి. తొలి 40 రోజులు ఉంచి తీసేయడం మంచిది. సీజనంతా ఎకరాకు యాభై అట్టలు వేలాడదీయమని చెప్పేవాళ్లు అమ్మేవాళ్లే.

ట్రైకోగ్రామా కార్డులు, ఎన్‌పీవీ ప్రాణమున్న సరుకు. ఎరువు బస్తాలా గోదాములో పెట్టి పంచేవి కావు. ఒక కార్డులో ట్రైకోగ్రామా పట్టిన గుడ్లు సుమారు 18,000 నుంచి 20,000 ఉంటాయి. పూత మొదలైనప్పటి నుంచి ఎకరాకు వారానికి ఒక కార్డు చొప్పున అయిదారు వారాలు కట్టాలి. ఒకసారి కట్టి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే టమోటా ఆకు మీది నూగు జిగురుగా ఉంటుంది, అంత చిన్న కందిరీగ దాని మీద నడవలేక చాలా కష్టపడుతుంది. పత్తిలో, చెరకులో వచ్చినంత ఫలితం ఇక్కడ రాదన్నది రైతుకు ముందే చెప్పండి. కార్డును ముక్కలుగా కత్తిరించి సాయంత్రం పూట ఆకు అడుగున, గుడ్లు నేలవైపు ఉండేలా పిన్ను కొట్టాలి. కొమ్మ వెంట చీమలు తిరుగుతుంటే ఆ మొక్కకు కట్టకూడదు, తెల్లారేసరికి కార్డు శుభ్రంగా ఉంటుంది. 35 డిగ్రీలు దాటే ఎండల్లో ఫలితం బాగా పడిపోతుంది. కట్టడానికి వారం ముందు, వారం తర్వాత పురుగు మందు కొట్టకూడదు. పంచేముందు కార్డు చూడండి: గుడ్లు నల్లగా ఉండి రంధ్రాలు లేకపోతే కందిరీగలు ఇంకా లోపలే ఉన్నాయి. ప్రతి నల్ల గుడ్డుకూ చిన్న రంధ్రం ఉందంటే అవి మీ బీరువాలోనే ఎగిరిపోయాయి, రైతుకు మీరిచ్చేది ఉత్త అట్ట.

ఎన్‌పీవీ ఎకరాకు 100 ఎల్‌ఈ (వైరస్‌తో చచ్చిన పురుగుల లెక్కన కొలత), 200 లీటర్ల నీళ్లు, కిలో బెల్లం, బట్టలకు వాడే నీలిమందు 200 గ్రాములు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వైరస్‌ను చంపుతాయి కాబట్టి సాయంత్రమే కొట్టాలి, నీలిమందు వేసేదీ అందుకే. చిన్న పురుగుల మీదే పనిచేస్తుంది. కొట్టిన మర్నాడు పురుగు బతికే ఉందని రైతు ఫోన్ చేస్తాడు. చావడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది, చచ్చేముందు పురుగు మొక్క చివరకు ఎక్కి తలకిందులుగా వేలాడుతుంది, ముట్టుకుంటే చర్మం చిట్లి నీరు కారుతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే మూడో రోజున రైతు రసాయనం కొట్టేస్తాడు, ఎన్‌పీవీ పనిచేయలేదన్న పేరు మాత్రం మిగులుతుంది. కాయతొలుచు పురుగు ఎన్‌పీవీ లద్దె పురుగు మీద గానీ ఊజీ మీద గానీ పనిచేయదు. ఏ పురుగో లెక్క తీయకుండా రాసిన చీటీలో ఇదీ ఒక తప్పు.

బీటీ, వేప, ఎన్‌పీవీ అన్నిటికీ ఒకే శత్రువు మన బోరు నీళ్లు. రాయలసీమ బోర్లలో క్షార గుణం ఎక్కువ. ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటిన నీళ్లలో వేప మందులోని అజాడిరాక్టిన్ విరిగిపోతుంది, బీటీ బలం తగ్గుతుంది. కేంద్రంలో పరీక్ష కాగితాల పుస్తకం ఒకటి ఉంచండి. ట్యాంకు నీళ్లలో సిట్రిక్ యాసిడ్‌ను, అదే అంగడిలో దొరికే నిమ్మ ఉప్పును, కొద్దికొద్దిగా కలుపుతూ 6 దగ్గరికి తెచ్చాకే మందు పోయాలి. ఎంత కలపాలన్నది ఒక్కో బోరుకు ఒక్కోలా ఉంటుంది, అందుకే కాగితం పెట్టి చూడక తప్పదు.

వేప గింజల కషాయానికి 200 లీటర్లకు 10 కిలోల పప్పు. పిండిలా కాక బరకగా దంచి, పలుచటి గుడ్డలో మూటకట్టి, 20 నుంచి 30 లీటర్ల నీళ్లలో రాత్రంతా నాననిచ్చి, పాలలాంటి రంగు తేలేదాకా పిండి, మిగతా నీళ్లు, 200 గ్రాముల సబ్బు పొడి కలిపి ఆ సాయంత్రమే కొట్టాలి. బూజు పట్టిన గింజ, ఏడాది దాటిన గింజ వాడకూడదు. మిగిలింది రేపటికి దాచకూడదు. వేప పురుగును వెంటనే చంపదు, గుడ్లు పెట్టకుండా, తినకుండా చేస్తుంది. కాయలోని పురుగుకు వేప రాసిన చీటీ రైతును వేప మీద నమ్మకం పోగొట్టుకునేలా చేస్తుంది. లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నెంబరు, తయారీ తేదీ, గడువు లేని "బయో" సీసాల జోలికి మాత్రం వెళ్లకండి. రాత్రికి రాత్రి పురుగును రాల్చే బయో మందు సీసాలో ఏముందో అనుమానించాల్సిందే.

రసాయనం తప్పనిసరి అయ్యే రోజులుంటాయి, మేము కాదనడం లేదు. అప్పుడు చీటీలో బ్రాండు కాకుండా మందు అసలు పేరు, అది పనిచేసే తీరును చెప్పే గ్రూపు నెంబరు రాయండి. క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియామైడ్, సయాంట్రానిలిప్రోల్ మూడూ 28వ గ్రూపువే. వారానికో కొత్త సీసా కొంటున్న రైతు మందు మారుస్తున్నాననుకుంటాడు, పురుగుకు మాత్రం అదే మందు మూడోసారి తగులుతోంది. ఇటలీలో ఊజీ ఈ గ్రూపుకు లొంగడం మానేసిన సంగతి 2015లోనే బయటపడింది. ఇమామెక్టిన్ 6వ గ్రూపు, స్పైనోసాడ్ 5, ఇండాక్సాకార్బ్ 22. ఒక గ్రూపును పురుగు ఒక తరం దాకా, అంటే సుమారు నెల, వాడి తర్వాతి నెల దాన్ని ముట్టుకోకూడదు. రెండు మందులు కలిపి వచ్చే సీసాల్లో రెండు గ్రూపులూ లెక్కలోకి వస్తాయి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లోనే నిషేధించారు, ఇప్పటికీ ఎవరైనా పేరెత్తితే చీటీ వెనక ఆ మాట రాసివ్వండి.

కోతకు, మందుకు మధ్య ఆగాల్సిన రోజులు కూడా చీటీలో ఉండాలి. కాపు జోరులో మూడు నాలుగు రోజులకో కోత. అయిదు రోజులు ఆగమన్న మందు ఆ వారంలో రాయడమంటే ఆగకండని చెప్పడమే. ధర వంద దాటిన 2023 జూలై లాంటి రోజుల్లో ఎవరూ ఆగరు కూడా. కోతల మధ్య సరిపోయే మందే రాయండి, లేదా కోత అయిన సాయంత్రమే కొట్టమని రాయండి.

పూతలో ఉదయం మందు వద్దు. టమోటా పూవు తనంతట తానే పరాగసంపర్కం చేసుకుంటుంది గానీ, నీలి పట్టీల తేనెటీగ, తుమ్మెద పూవును పట్టుకొని జుమ్మని కంపిస్తే పుప్పొడి బాగా రాలి కాయ నిండుగా వస్తుంది. పెట్టె తేనెటీగకు ఆ విద్య రాదు. ఆ తుమ్మెదలు వచ్చేది పొద్దున పూటే.

చివరిగా, ఎవరి చీటీలోనూ లేని విషయం ధర పడిపోయినప్పుడు వదిలేసిన తోట. కోత కూలి కూడా రాదని రైతు నీళ్లు ఆపేసి వదిలేస్తాడు. అతని తప్పు లేదు. కానీ ఆ ఎకరా నెల రోజుల్లో చుట్టుపక్కల కొత్త నాట్లన్నిటికీ ఊజీని, తెల్లదోమను పంపుతుంది. ఊజీ ఒక తరం నెల రోజుల్లో పూర్తవుతుంది, ఒక ఆడది 260 దాకా గుడ్లు పెట్టగలదు. మన ప్రాంతంలో ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట టమోటా ఉంటుంది కాబట్టి దానికి ఆకలి తెలియదు. ధర పడిన వారంలో తోట పీకి, రొటావేటరు కొట్టడానికి అద్దె మీద రాయితీ ఇప్పించమని పైకి రాయండి. బుట్టలు పంచడం కంటే ఆ డబ్బుకు ఫలితం ఎక్కువ. మండీల దగ్గర, గట్ల మీద పారబోసే పురుగు పట్టిన టమోటాలను లోపలిది కనిపించే మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం పాటు ఎండలో ఉంచితే లోపలి పురుగు చస్తుంది. గుంత తీసి పూడ్చాలంటే రెండడుగుల లోతు ఉండాలి, పైన పలుచగా మట్టి చల్లితే రెక్కల పురుగులు బయటికి వచ్చేస్తాయి.

పై పనులకు కేంద్రానికి కావాల్సినవి రెండు భూతద్దాలు, పరీక్ష కాగితాలు, ఒక చిన్న ఫ్రిజ్. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల సాయంతో గ్రామ ఉద్యాన సహాయకులందరికీ తోటలోనే ఒక రోజు లెక్క నేర్పించవచ్చు, గదిలో ప్రొజెక్టరు మీద వద్దు. వచ్చే నాట్ల ముందే ఈ నమూనా చీటీని అచ్చు వేయించి అన్ని కేంద్రాలకూ పంపమని జిల్లా అధికారులను కోరుతున్నాం:

రైతు పేరు, నాటిన తేదీ, చూసిన తేదీ, వేళ.
చూసిన మొక్కలు: 25.
ఊజీ సొరంగాలు, అందులో బతికున్న పురుగులు.
ఆకుతొలుచు ఈగ సొరంగాలు, అందులో కందిరీగ పట్టినవి.
తెల్లదోమ, దాని పిల్లలు, అందులో నల్లబడినవి.
కాయతొలుచు గుడ్లు, అందులో నల్లవి. పురుగులు.
మిత్రపురుగులు: ఏవి, ఎన్ని.
వైరస్ మొక్కలు, పీకినవి.
క్రితం లెక్కతో తేడా.
చేయాల్సిన పని. మందు అయితే అసలు పేరు, గ్రూపు నెంబరు, కోతకు ఆగాల్సిన రోజులు.
మళ్లీ తోటకు వచ్చి లెక్క తీసే రోజు, వచ్చేవారి సంతకం.

ఇట్లు,
మదనపల్లె ప్రాంత టమోటా రైతులు, పొలంబడి శిక్షకులు